మా రోజుల్లో చిల్లర ఇచ్చేవారు

ధరలు పెరిగాయని నేను ఫిర్యాదు చేయను. ఎండలు ముదిరాయని కూడా అనను. ఖమ్మం జిల్లాలో పుట్టినవాడికి ఎండ గురించి మాట్లాడే అర్హత ఉంటుంది కాని ఓపిక ఉండదు. నా ఫిర్యాదు ఒక్కటే. కొట్టుకు వెళ్లి 28 రూపాయల సరుకు కొని 30 ఇస్తే నాకు రెండు రూపాయలు రావాలి. రెండు చాక్లెట్లు వస్తున్నాయి.

ఇదీ ఒక విషయమేనా అనుకునేవారు పేజీ తిప్పేయవచ్చు. వాళ్లు ఇప్పటికే చాలా చాక్లెట్లు తినేసి ఉంటారు.

మా తల్లాడ సెంటరు సామాన్యమైన చోటేమీ కాదు. ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే రోడ్డు ఇక్కడికొచ్చి చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటి గోదావరి జిల్లాల వైపు పోతుంది. ఇంకొకటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరి, అక్కడి నుంచి భద్రాచలం అడవుల్లోకి పోతుంది. మిర్చి బస్తాలు, పత్తి లారీలు, దేవుడి దగ్గరికి పోయే జనం అంతా మా ముందు నుంచే వెళ్లాలి. ఇంత డబ్బు తిరిగే కూడలిలో రెండు రూపాయి బిళ్లలు లేవట!

"చిల్లర లేదు తాతా, చాక్లెట్ తీసుకో" అంటాడు కొట్టు కుర్రాడు. ఆ మాటలో అడగడం లేదు. అప్పటికే సీసా మూత తీసేసి ఉంటాడు. నాకు షుగరు. పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి వేలు గుచ్చి చూసుకునే మనిషిని. మా ఇంట్లో పాయసం వండితే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తలుపు వేస్తారు. అలాంటి నా చేతిలో వీధిలో ప్రతివాడూ తీపి పెట్టేవాడే. మొన్న మందుల షాపులో షుగరు మాత్రలు కొన్నాను. మిగిలిన రూపాయికి చాక్లెట్ ఇచ్చారు. రోగమూ వాళ్లే, మందూ వాళ్లే.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఇది ముసలివాళ్లు అనే మాటేనని మీరు నవ్వుతారని తెలుసు. నవ్వండి, లెక్క మాత్రం వినండి.

1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేనాటికి నేను పలక పట్టుకుని బడికి పోతున్నాను. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు. ఒక్కసారిగా నూరు పైసలన్నారు. అణాకు ఆరు పైసలు, బేడకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవై ఐదు. ఇందులో తిరకాసు చూశారా? నాలుగు అణాలు ఒక్కసారి ఇస్తే పాతిక పైసలు వస్తాయి. అవే నాలుగు అణాలు విడివిడిగా మారిస్తే ఇరవై నాలుగే వస్తాయి. ఆ ఒక్క పైసా కోసం మా నాన్న కొట్టు ముందు నిలబడి పొద్దు గూకేదాకా వాదించిన రోజులున్నాయి. కొట్టు షావుకారు కూడా తక్కువవాడు కాదు, ఆయనా వాదించేవాడు. ఇద్దరూ నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టేవారు. చివరికి పైసా ఎవరిదో తేలేది. తేలనిదే ఎవరూ ఇంటికి పోయేవారు కాదు. దాన్ని పిసినారితనం అని మా ఊళ్లో ఎవరూ అనలేదు. లెక్క అన్నారు.

ఇంకాస్త వెనక్కి పోతే మా తాత సంగతి ఉంది. ఆయన కాలంలో మాది నిజాం రాజ్యం. చలామణీ హాలీ సిక్కా, దాని మీద చార్మినార్ బొమ్మ. గోదావరి అవతల భద్రాచలం ఇంగ్లీషువాళ్ల మద్రాసు రాజధానిలో ఉండేది, అక్కడ ఇంగ్లీషు రూపాయి. శ్రీరామనవమికి రాములవారి కల్యాణం చూడాలంటే ఏరు దాటాలి, ఏరు దాటితే డబ్బు మార్చుకోవాలి. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలు. నూరు ఇంగ్లీషు రూపాయలు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు లెక్కగట్టి ఇవ్వాలి. మనవాళ్లు పెళ్లిళ్లలో చదివించే నూట పదహార్లు ఆ లెక్కలోంచే పుట్టాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. పుట్టాయో లేదో పండితులు తేల్చుకుంటారు. నేననేది వేరు. రెండు ప్రభుత్వాలు, రెండు నాణేలు, మధ్యలో గోదావరి. అంత గందరగోళంలోనూ ఎనిమిది పైల దాకా లెక్క కుదిరేది. 1959లో హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది. ఆ ఏడే భద్రాచలం మా జిల్లాలో కలిసింది. 1965లో వంతెన కూడా వచ్చింది. ఇప్పుడు ఒకే ప్రభుత్వం, ఒకే రూపాయి, పడవ కూడా ఎక్కనక్కర్లేదు. అయినా రెండు రూపాయలు తిరిగి రావు!

లెక్క సంగతి వచ్చింది కాబట్టి మా జిల్లావాడినే తలుచుకోవాలి. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, అదే మన రామదాసు, పాల్వంచ పరగణాకు తహశీల్దారు. సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్ల తర్వాత రామలక్ష్మణులు మారువేషంలో గోల్కొండ నవాబు తానీషా దగ్గరికి వెళ్లి ఆరు లక్షలూ చెల్లించారని కథ. అంతటితో ఊరుకోలేదట, రసీదు కూడా రాయించుకున్నారట. దేవుడంతటివాడు రసీదు లేకుండా కదల్లేదు. తానీషా కూడా రాజులా నిలబడి సొమ్ము లెక్కపెట్టుకున్నాడు. "ఆఖరి రూపాయికి చిల్లర లేదు స్వామీ, ఈ లడ్డూ పుచ్చుకోండి" అని ఇరుపక్షాల్లో ఎవరన్నా అని ఉంటే రామదాసు ఇప్పటికీ గోల్కొండలోనే ఉండేవాడు.

మా చిన్నప్పుడు కొట్లో తీపి ఇవ్వలేదని కాదు. ఇచ్చేవారు. అసలు విషయం అక్కడే ఉంది. అమ్మ ఉప్పుకో చింతపండుకో పంపితే షావుకారు సరుకు తూచి, పొట్లం కట్టి, మిగిలిన డబ్బులు అరచేతిలో లెక్కపెట్టి, వేళ్లు మూయించేవాడు. ఆ తర్వాత చిన్న బెల్లంముక్క విరిచి ఇచ్చేవాడు. అది కొసరు. కూరలమ్మి తూకం అయ్యాక నాలుగు కరివేపాకు రెబ్బలు వేసేది. పాలవాడు గిన్నె నిండాక ఇంకో చుక్క ఒంపేవాడు. నువ్వులు కొలిచేవాడు సోలకు పైన గుప్పెడు పోసేవాడు. ఇచ్చేవాడికి పెద్దగా పోయేదేమీ లేదు, పుచ్చుకునేవాడు మాత్రం మళ్లీ అక్కడికే వచ్చేవాడు. లెక్క పూర్తయ్యాక, దాని మీద తీపి. ఇప్పుడు లెక్క పూర్తి కాకుండా, దాని చోట్లో తీపి. పైన వేసే చెయ్యే అడుగున కోస్తోంది. మా షావుకారు బెల్లంముక్కకూ ఈ కుర్రాడి చాక్లెట్‌కూ తేడా ఇదే, రుచిలో కాదు.

ఆ డబ్బులకు కూడా ఒక రూపం ఉండేది. అల్యూమినియం ఐదు పైసలకు నాలుగు మూలలు, మూడు పైసలకు ఆరు మూలలు, పది పైసలకు చుట్టూ పూరేకుల్లా వంపులు. కరెంటు లేని ఊళ్లో, చీకట్లో, చొక్కాజేబులో చెయ్యిపెట్టినా ఎంత ఉందో వేళ్లే చెప్పేవి. 1968లో వచ్చిన ఇరవై పైసల ఇత్తడి బిళ్ల మీద తామరపువ్వు ఉంటుంది. అందులో బంగారం కలిసిందని పుకారు పుట్టి, అది కొట్లోంచి దేవుడి గూట్లోకి చేరిపోయింది. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు పక్కపక్కన పెడితే కళ్లజోడు తుడుచుకోవాలి. తుడుచుకునే అవసరమూ లేదులెండి, అవి దొరికితే కదా.

ఇంతకీ అవన్నీ ఎటు పోయాయి? దీని మీద నేను కొంత పరిశోధన చేశాను. పదవీ విరమణ చేసినవాడికి పరిశోధనకు కొదవేముంది!

పాతిక పైసలు, అంతకు తక్కువవి 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. దానికి ప్రభుత్వమే కారణం, దాన్ని వదిలేద్దాం. అర్ధరూపాయి మాత్రం చట్ట ప్రకారం ఈనాటికీ చెల్లుతుంది. ఇచ్చి చూడండి, మిమ్మల్ని మ్యూజియం నుంచి తప్పించుకు వచ్చినవాడిలా చూస్తారు. పది రూపాయల బిళ్ల మీద ఇంకో పుకారు. పది గీతలున్నది అసలు, పదిహేను గీతలున్నది నకిలీ అని ఎవరో అన్నారు. రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో పద్నాలుగు రకాల బిళ్లలూ మంచివేనని ప్రకటించింది. అయినా మా వైపు చాలామంది కొట్లవాళ్లు రిజర్వ్ బ్యాంకు గవర్నరు కంటే పక్క కొట్టువాడి మాటే నమ్ముతారు.

ఇక రూపాయి బిళ్ల. నా అనుమానం పెళ్లిళ్ల మీద ఉంది. చదివింపుల కవర్లు చూశారా? ముందే రూపాయి బిళ్ల అంటించి అమ్ముతున్నారు. 100 పెడితే 101 అవుతుంది, 500 పెడితే 501. మాఘమాసంలో ఒక్క తల్లాడ మండలంలో ఎన్ని కవర్లు చేతులు మారతాయో ఊహించండి. ఆ బిళ్లను గోరుతో పీకి ఎవరు ఖర్చుపెడతారు? కవరుతో సహా బీరువాలోకి పోతుంది. రెండో అనుమానం గోదావరి మీద. భద్రాచలం వంతెన ఎక్కగానే బస్సులో సగం మంది కిటికీల్లోంచి బిళ్లలు విసిరి దండం పెడతారు. నా వెనక సీటులో ఒకాయన, అంతకుముందే కండక్టరుకు చిల్లర లేదని ప్రమాణం చేసినవాడు, జేబులోంచి రెండు బిళ్లలు తీసి నదిలో వేశాడు. గంగమ్మకు చాక్లెట్ వేసే ధైర్యం మాత్రం ఇంకా ఎవరికీ రాలేదు.

బస్సు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. కండక్టరు నాకు ఇరవై, పక్కన ఎవరో పరాయి ఊరి కుర్రాడికి ముప్పై ఇవ్వాలి. మా ఇద్దరికీ కలిపి ఒక యాభై నోటిచ్చి "దిగాక పంచుకోండి" అంటాడు. అప్పటిదాకా ఆ కుర్రాడెవరో నేనెవరో. అక్కణ్ణుంచి మేమిద్దరం ఉమ్మడి కుటుంబం. అతను ఏన్కూరులో దిగాలి, నేను జూలూరుపాడులో. నోటు నా చేతిలో ఉంది కాబట్టి అతను నా మీద కన్ను వేసి కూర్చున్నాడు. అతను పారిపోతాడని నేను కాదు, నేను పారిపోతానని అతను! నా ఈ మోకాళ్లతో! మా ఆవిడకు ఈ బాధ లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. సున్నా టికెట్టు చేతిలో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని మా ఉమ్మడి కుటుంబాన్ని చూసి నవ్వుతుంది.

"ఫోన్‌పే పెట్టుకో తాతా, చిల్లర గొడవే ఉండదు" అంటాడు మనవడు. నిజమే. 28 రూపాయలంటే 28 కొట్టవచ్చు, రూపాయి అటూ ఇటూ కాదు. 2016లో ఆ యూపీఐ వచ్చాక కాలేజీ పిల్లలెవరికీ చాక్లెట్ రావడం లేదు. అందుకే గల్లాపెట్టెలో చిల్లర కూడా రావడం మానేసింది. అంటే ఏమైంది? నోటుతో కొనేవాడు, నాలాంటివాడు, ఊళ్లోని చాక్లెట్లన్నిటికీ ఏకైక వారసుడయ్యాడు. పైగా ఆ కొట్లో పెట్టిన డబ్బా! ఎవరు ఎంత ఇచ్చారో సెంటరంతా వినబడేలా అరుస్తుంది. మా రోజుల్లో అప్పు చెవిలో చెప్పేవారు, చెల్లింపు కళ్లతో చెప్పేవారు. పది రూపాయల టీకి మైకు ప్రకటన అక్కర్లేదు.

ఊరుకోవడం నా వంశంలో లేదు. వచ్చిన చాక్లెట్లన్నీ హార్లిక్స్ సీసాలో వేశాను. సీసా నిండింది. దాన్ని పట్టుకుని అదే కొట్టుకు వెళ్లి, బట్టల సబ్బు తీసుకుని, సీసా బల్ల మీద పెట్టాను.

"ఇదేంది తాతా?"

"డబ్బు."

"చాక్లెట్లు వాపసు తీసుకోం."

"నువ్విచ్చినప్పుడు డబ్బు, నేనిచ్చినప్పుడు మిఠాయా?"

"ఇవి మా కొట్టువో కాదో ఎట్ల తెలుస్తది?"

"నోటు మీద నీ కొట్టు పేరుందా? అది తీసుకోవడం లేదూ?"

కుర్రాడు నోరు తెరిచాడు, మూశాడు. వెనక నిలబడ్డ జనం పెరిగారు. ఒకావిడ జాలిపడి "పోనీలే పెద్దాయనా, ఇదిగో" అని రూపాయి నా చేతిలో పెట్టబోయింది. "అమ్మా, నాకు దానం వద్దు, బాకీ కావాలి" అన్నాను. ఆవిడకు కోపమొచ్చింది. ఇంటికి ఈ వార్త నాకంటే ముందు చేరింది. "రూపాయి కోసం పరువు తీస్తున్నావు నాన్నా" అన్నాడు మా అబ్బాయి. పరువు విలువ రూపాయి కంటే తక్కువైతే తీసినా నష్టమేముంది అన్నాను. అతను ఆ పూట అన్నం తినకుండా లేచిపోయాడు.

కలెక్టరు సోమవారాల్లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వడానికి ఆ రాత్రే ఒకటి రాశాను. "గౌరవనీయులైన కలెక్టరు గారికి, తల్లాడ వాస్తవ్యుడు వ్రాసుకొను విన్నపము. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై బిళ్లలు వెయ్యి రూపాయల దాకా, అర్ధరూపాయలు పది రూపాయల దాకా చెల్లుబాటు. సదరు చట్టంలో చాక్లెట్ ప్రస్తావన ఎక్కడా లేదు. కావున ఒకటి, చాక్లెట్‌ను నాణెంగా గుర్తించవలెను. అప్పుడు నేను నా కరెంటు బిల్లు సీసాతో కడతాను. లేదా రెండు, నా రూపాయి నాకు ఇప్పించవలెను. షుగరు ఉన్నవారికి వేరుశనగ పప్పు రూపంలో చిల్లర ఇవ్వడమనే మూడో మార్గాన్ని కూడా పరిశీలించగలరు." సోమవారం పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని చూస్తే అర్జీ లేదు. మా ఆవిడ దాన్ని ఆవకాయ జాడీ మూతకు చుట్టి వాసెన కట్టింది. ఏడాది దాకా విప్పకూడదట.

కొట్టువాళ్ల వాదన కూడా చెప్పకపోతే ధర్మం కాదు. బ్యాంకుకు వెళ్తే చిల్లర సంచి అడిగినప్పుడల్లా దొరకదు. బయట చిల్లర తెచ్చిచ్చేవాడికి కమీషను ఇచ్చుకోవాలి. పొద్దున కొట్టు తెరవగానే వచ్చినవాడు 500 నోటిచ్చి అగ్గిపెట్టె అడుగుతాడు. ఇవన్నీ నిజమే. కాని సీసాలెక్కన టోకుకు తెచ్చుకున్న చాక్లెట్ వాళ్లకు రూపాయి పడదు, రూపాయి లోపే పడుతుంది. చిల్లర లేకపోవడంలో కూడా నాలుగు పైసలు మిగిలే ఏర్పాటు చేసుకున్నాక, చిల్లర ఎందుకు దొరుకుతుంది?

రూపాయి పోతే నేనేమీ చితికిపోను. కాని రోజుకో రూపాయి చొప్పున ఏడాదికి 365. ఊరందరివీ కలిపితే ఎంతో మీరే వేసుకోండి. ఆ డబ్బు కంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. "నాకు రావాల్సింది ఇవ్వు" అని అడిగినవాడు ఇవాళ అల్పుడు. ఇవ్వాల్సింది ఇవ్వనివాడు మర్యాదస్థుడు, పైగా తీపి పంచే దాత. మా నాన్న పైసా కోసం వాదించినప్పుడు షావుకారు ఆయన్ను అల్పుడనలేదు. మర్నాడు అదే కొట్టుకు నన్ను పంపితే బెల్లంముక్క పెట్టాడు.

మా వైపు మనిషిని ఆఖరిసారి తీసుకెళ్లేటప్పుడు పేలాలతో పాటు చిల్లర చల్లుతారు. నాకూ ఆ రోజు వస్తుంది. సెంటర్లో మా వాళ్లు చిల్లర కోసం కొట్టుకొట్టూ తిరిగి, దొరక్క, నా మీద చాక్లెట్లు చల్లుతూ తీసుకెళ్తారేమోనని భయంగా ఉంది. అదే జరిగితే పాడె మీంచి లేచి కూర్చుంటానని మా అబ్బాయికి ఇప్పుడే చెప్పి ఉంచాను.

కాబట్టి కొట్టు నడిపే నాయనలకు నా మనవి. గల్లాపెట్టెలో ఓ మూల యాభై బిళ్లలు ఉంచుకోండి. రూపాయి బిళ్లతో వచ్చిన పిల్లవాణ్ణి విసుక్కోకండి, మీ చిల్లర నడిచొచ్చేది వాడి చేతిలోనే. పాఠకులకూ ఒక మాట. బీరువాలో చదివింపుల కవర్లకు అంటుకున్న బిళ్లల్ని పీకి బజారులోకి వదలండి. రూపాయి ఇవ్వాల్సిన చోట రూపాయే ఇవ్వండి. మీకు ప్రేమ పొంగితే దాని పైన చాక్లెట్ ఇవ్వండి. షుగరు ఉన్నా సరే, అది తీసుకుంటాను.